చొక్కా వేసుకున్న పిల్లకు వేదిక మీద చోటు లేదా?



ఈసారి కాస్త పొడుగ్గా రాస్తున్నాం. ఇప్పుడు తీరిక లేనివాళ్ళు రాత్రి భోజనం అయ్యాక చదవండి, కానీ సగంలో ఆపి జవాబు రాయొద్దు. మేము చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక, గూడూరు వైపు వెళ్ళినప్పుడల్లా స్టేషన్ బోర్డులు చూసి కూడబలుక్కుని నేర్చుకున్నాం. తప్పులుంటే దిద్దండి. "మేము" అంటే ఎవరని ఒకరు పోయినసారి అడిగారు. హాలులో వెనక వరుసలో, ఫ్యాన్ కింద కూర్చునే రిటైరైన నలుగురైదుగురం. రాసేది ఒకరే, మాట అందరిదీ.

విషయానికి వస్తాం. ఉగాది వేడుకలో ఏం జరిగిందో చూసినవాళ్ళకు తెలుసు. తెలుగులో మాట్లాడే పోటీ పెట్టారు. పది నిమిషాలు, తమిళ మాట గానీ ఇంగ్లీషు మాట గానీ దొర్లకూడదు. ఎనిమిది మంది పిల్లలు నిలబడ్డారు. ఏడుగురు మూడో నిమిషానికే "వందు", "ఆనా" అని జారిపోయారు. ఒక్క పిల్ల మాత్రం పది నిమిషాలూ నిలిచింది. వాళ్ళ అవ్వ దగ్గర నేర్చుకున్న తెలుగు. వేరుశనక్కాయలు వలవడం గురించి మాట్లాడింది. వింటుంటే మాకు మా ఊరి కళ్ళం గుర్తుకొచ్చింది. మొదటి బహుమతి ఆమెదే అని న్యాయనిర్ణేతలు అక్కడికక్కడే చెప్పారు.

సాయంత్రం బహుమతులు ఇచ్చేటప్పుడు ఆ పిల్లను వేదిక మీదికి పిలవలేదు. కారణం ఆమె బట్టలు. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, కత్తిరించిన జుట్టు. చొక్కా మగవాళ్ళ చొక్కాయే, ఇస్త్రీ చేసి, చేతులు మోచేతి దాకా మడిచి వేసుకుంది. ఎక్కడా అసభ్యం లేదు. బహుమతి కవరు తర్వాత మెట్ల దగ్గర ఆమె నాయన చేతికిచ్చారు. ఆ మనిషి రెండు చేతులూ జోడించి తీసుకున్నాడు. పిల్ల తల వంచుకుని చెప్పులు వేసుకుంది.

అంతటితో అయిపోయిందనుకున్నాం. పోయిన నెల కార్యవర్గం తీర్మానం చేసింది. వచ్చే వేడుక నుంచి ఆడపిల్లలూ ఆడవాళ్ళూ చీర గానీ, పావడా ఓణీ గానీ కట్టుకోవాలి, చిన్నపిల్లలైతే పట్టుపావడా, "మగ దుస్తుల్లో" వచ్చినవాళ్ళను వేదిక ఎక్కనివ్వరు. ఆ తీర్మానం చదివినప్పుడు మేము వెనక వరుసలోనే ఉన్నాం. ముందు కూర్చున్న పదకొండు మందినీ లెక్కబెట్టాం. వేష్టి కట్టుకున్నవాళ్ళు ఇద్దరు. మిగతా తొమ్మిది మందీ ప్యాంటూ షర్టూ. చదివినాయన జీన్స్ ప్యాంటు వేసుకునే చదివాడు.

అన్నలారా, ప్యాంటు మన తాతల ఉడుపా? మా తాత ఉత్త పంచె కట్టి, భుజాన తుండు వేసుకుని పొలానికి పోయినవాడు. పెళ్ళికి పోతేనే చొక్కా. ప్యాంటు తెల్లవాళ్ళతో వచ్చింది. రైల్వేలో చేరినప్పుడు మొదటి ప్యాంటు కుట్టించుకుని వీధిలో నడిస్తే, మా అవ్వ "ఇదేమిట్రా, దొర మాదిరి" అని నవ్వింది. నవ్వి ఊరుకుంది, ఇంట్లోకి రానివ్వకుండా ఆపలేదు. మగవాడు పంచె విడిచి ప్యాంటుకు మారితే కాలం మారింది అన్నాం. అదే ప్యాంటు ఆడపిల్ల వేసుకుంటే సంస్కృతి పోయింది అంటున్నాం. ఇదేం లెక్క? బుకింగ్ కౌంటరులో ఇలాంటి లెక్క చూపిస్తే సాయంత్రానికి మెమో ఇచ్చేవాళ్ళు.

చీర మాట కూడా చెప్పుకుందాం. చీర పాతదే, గొప్పదే, కాదనడం లేదు. కానీ ఈనాడు మనం చూసే జాకెట్టూ లోపావడా కట్టు అంత పాతదేమీ కాదు. 19వ శతాబ్దంలో బెంగాల్లో ఠాగూర్ల ఇంటి కోడలు జ్ఞానదానందినీ దేవి బొంబాయిలో పార్సీ ఆడవాళ్ళ కట్టు చూసి, జాకెట్టు లోపావడాలతో చీర కట్టే పద్ధతిని తన ఊళ్ళో వాడుకలోకి తెచ్చింది. అప్పుడు దాన్ని వెక్కిరించినవాళ్ళు ఉండే ఉంటారు. ఈ రోజు అదే "సంప్రదాయం".

ఇక "మగ దుస్తులు" అన్న మాట. కోవిల్‌పట్టి, సాత్తూరు వైపు కరిసల్ భూములు మనలో చాలామంది సొంత ఊళ్ళు. కి. రాజనారాయణన్ "గోపల్ల గ్రామం"లో రాసిన తెలుగువాళ్ళ వలస ఆ నేలకే. ఆ చేలల్లో పని చేసే ఆడవాళ్ళు చీర మీద ఏం వేసుకుంటారు? మగవాళ్ళ ఫుల్ హ్యాండ్ చొక్కా. మొగుడిదో, కొడుకుదో, రంగు వెలిసినదో. ఎండకు చేతులు కాలవు, పత్తికాయ తొడిమ గీరుకోదు, చీర మాసిపోదు. జేబులో వక్కాకు సంచి పెట్టుకోవచ్చు. ఉపాధి పని జరిగే ఏ చెరువు గట్టుకైనా పోయి చూడండి, ఇళ్ళు కట్టే చోటికి పోయి చూడండి. వరసగా చొక్కాలే. మా అమ్మ మా నాయన పాత రైల్వే చొక్కా వేసుకునే కలుపు తీసింది. అప్పుడు ఎవరూ "మగ దుస్తులు" అనలేదు. పనికోసం వేసుకుంటే కళ్ళకు కనబడదు, ఇష్టంతో వేసుకుంటే మాత్రం కళ్ళు మండుతాయా?

ఉద్యోగాల్లో చూడండి. 1973లో తమిళనాడు పోలీసులో ఆడవాళ్ళను చేర్చుకున్నారు. ఈ రోజు రోడ్డు మీద ఖాకీ ప్యాంటూ షర్టూ వేసుకుని నిలబడ్డ అమ్మాయి చెయ్యెత్తితే మన కార్యవర్గం కారు ఆగుతుంది. మా రైల్వేలో సురేఖా యాదవ్ 2011 మార్చి 8న పుణె నుంచి ముంబైకి డెక్కన్ క్వీన్ నడిపారు. ఆమె ఉడుపు చూసి ఏ ప్రయాణికుడూ దిగిపోలేదు.

చరిత్ర కావాలంటే అదీ ఉంది. మన వేదిక వెనక ప్రతి ఏడూ ఫ్లెక్సీ కడతాం కదా, అందులో ఎడమవైపు ఎవరి బొమ్మ? రుద్రమదేవి. 13వ శతాబ్దంలో ఓరుగల్లు ఏలిన ఆ తల్లిని శాసనాల్లో మగ పేరుతో, రుద్రదేవ మహారాజు అని రాశారు. మగవేషంలో సభ తీర్చేదని చరిత్రకారులు చెబుతారు. ఈ తీర్మానం ప్రకారం ఆమె ఫ్లెక్సీలో ఉండొచ్చు, వేదిక మాత్రం ఎక్కకూడదు.

నాటకం, సినిమా కూడా అంతే. స్థానం నరసింహారావు చీర కట్టి సత్యభామగా నడిస్తే తెలుగునాడంతా చప్పట్లు కొట్టింది, ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఇటు 1935లో కె.బి. సుందరాంబాళ్ నందనారుగా, 1941లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి "సావిత్రి"లో నారదుడిగా మగ వేషాలు వేశారు. ఆ సుబ్బులక్ష్మి గొంతే మన ఇళ్ళల్లో తెల్లవారి సుప్రభాతం. పెరియార్ అయితే ఆడవాళ్ళు జుట్టు కత్తిరించుకోవాలి, లుంగీ చొక్కా వేసుకోవాలి అని తిన్నగానే చెప్పాడు. ఆయన పేరు చెబితే మనలో సగం మందికి కోపం వస్తుంది కాబట్టి ఆయన్ను పక్కన పెట్టేస్తాం. ఆయన లేకపోయినా మా వాదం నిలుస్తుంది.

ఇప్పుడు అసలు మాట. 2014 జూలైలో చెన్నైలో ఒక క్రికెట్ క్లబ్బు, వేష్టి కట్టుకొచ్చిన హైకోర్టు న్యాయమూర్తిని లోపలికి రానివ్వలేదు. గుర్తుందా? మన హాలులో ఎంత గొడవ చేశాం! "మా ఉడుపు చూసి మమ్మల్ని తలుపు బయట నిలబెడతారా" అని అరిచింది మనమే. ఆ ఏడే తమిళనాడు ప్రభుత్వం చట్టం తెచ్చింది. వేష్టి గానీ, మరే భారతీయ సంప్రదాయ దుస్తులు గానీ వేసుకున్నవాళ్ళను క్లబ్బులూ సంఘాలూ హాళ్ళూ అడ్డుకోకూడదు, అడ్డుకుంటే శిక్ష. ఆ చట్టం ప్యాంటు వేసుకున్న ఆడపిల్ల గురించి రాసింది కాదు, తెలుసు. మేము చట్టం చూపించి బెదిరించడం లేదు. ఆ రోజు మనకు కలిగిన అవమానం గుర్తు చేస్తున్నాం. ఆ తలుపు దగ్గర నిలబడ్డ న్యాయమూర్తికీ, మన మెట్ల దగ్గర చెప్పులు వేసుకున్న పిల్లకూ తేడా ఏమిటి? ఆయనకు చట్టం వచ్చింది. ఆమెకు తీర్మానం వచ్చింది.

ఒక పెద్దాయన మాతో అన్న మాటకు జవాబు చెప్పాలి. "ఏడాదికి ఒక్కరోజైనా మన కట్టు కనబడొద్దా?" అన్నాడు. ఆయన బాధ నిజం. పిల్లలు మన చేతిలోంచి జారిపోతున్నారన్న భయం మాకూ ఉంది. మా ఇళ్ళల్లోనే మనవళ్ళు తెలుగులో అడిగితే తమిళంలో జవాబిస్తారు. కానీ అయ్యా, కట్టు కనబడాలంటే అడగండి, పిలవండి, ఇంటికి పోయి చీర కట్టడం నేర్పండి. అడ్డుకుంటే ఏమవుతుంది? పట్టుచీర కట్టి తమిళంలో మాట్లాడే పిల్ల వేదిక మీద ఉంటుంది, తెలుగు మాట్లాడే పిల్ల ఇంట్లో ఉంటుంది. మనది బట్టల సంఘమా, తెలుగు సంఘమా? పైగా ఈ తీర్మానం చేసే ముందు మహిళా విభాగాన్ని ఒక్క మాట అడగలేదు. గుడికి గుడి నియమం ఉంటుంది, అది వేరే సంగతి. మన హాలు గుడి కాదు.

"పెళ్ళి ఎలా అవుతుంది?" అని ఇంకొకరు. చొక్కా చూసి వెనక్కి పోయే సంబంధం ముందే పోవడం మేలు.

ఇక పిల్లలకు నాలుగు మాటలు. వేసుకుంటే బాగా కుదిరేట్టు వేసుకోండి, ఎవరికీ వేలెత్తే చోటు ఇవ్వకండి. మాలో ఒకరి ఇంటావిడ ముప్పై ఏళ్ళుగా మిషను కుడుతోంది. ఆమె చెప్పింది రాస్తున్నాం.

మగ చొక్కా కొనేటప్పుడు మొదట భుజం చూడండి. కుట్టు భుజం ఎముక చివర ఆగాలి. పక్కలు తగ్గించడం, చేతులు పొట్టి చేయడం ఏ టైలరైనా చేస్తాడు, భుజం సరిచేయడం కష్టం. మగ చొక్కా కింద ఇరుకు, తుంటి దగ్గర గుండీ లాగుతుంది. పక్కన నాలుగు వేళ్ళ చీలిక పెట్టించండి. ఎదురుగా రెండు గుండీల మధ్య విచ్చుకుంటే లోపల ఒక టిచ్ బటన్ కుట్టించండి, బయటికి తెలియదు. మగ చొక్కాకు గుండీలు కుడివైపు, ఆడవాళ్ళ చొక్కాకు ఎడమవైపు ఉంటాయి. దాన్ని ఎవరూ పట్టించుకోనక్కర్లేదు. ప్యాంటు తుంటి కొలతకు కొని, నడుము దగ్గర తగ్గించుకోండి. నడుముకు సరిపోయిందని కొంటే కూర్చోలేరు. మన మదురై ఎండకు నూలు పాప్లిన్, చేనేత మేలు. మెరిసే పాలిస్టర్ వద్దు. నాలుగు మూరల వేష్టి మీద చొక్కా వేసి, మెడలో కాసులపేరు, జడలో మల్లెపూలు పెట్టి చూడండి. ఉగాదికి అంతకంటే ఏం కావాలి?

జేబు మాత్రం మరిచిపోవద్దు. కౌంటరులో మాతో పనిచేసిన ఆడవాళ్ళు క్యాష్ పెట్టె తాళాలు నడుములో దోపుకుని, కొంగుకు ముడివేసుకుని, రోజుకు పదిసార్లు తడుముకునేవాళ్ళు. ఒకామె తాళం జారిపోయి, రాత్రి పదకొండు దాకా వెతికి ఏడ్చింది. మా ప్యాంటుకు నాలుగు జేబులు. అప్పుడు మాకు తోచలేదు. ఇప్పుడు తోస్తోంది. ఫోను పూర్తిగా మునిగేంత లోతు జేబు పెట్టించుకోండి.

కార్యవర్గానికి మా మనవి రెండే. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకోండి. ఆ పిల్లను ఇంటికి పోయి పిలిచి, ఆమెకు నచ్చిన బట్టల్లోనే వేదిక ఎక్కించి, అందరి ముందూ బహుమతి ఇవ్వండి. కాదంటే నియమం అందరికీ పెట్టండి. ఆడవాళ్ళకు చీర అయితే మగవాళ్ళకు పంచె, తుండు. చొక్కా కూడా వద్దు, మా తాత మాదిరి. ఆ రోజు వేదిక మీద ఎంతమంది కూర్చుంటారో మేము వెనక వరుసలో కూర్చుని లెక్కబెడతాం.

ఇట్లు,
వెనక వరుస సభ్యులం