కాలు చెప్పనప్పుడు కన్ను చూడాలి

ఇది చదువుతున్న మీ వేలికి ఉంగరం ఉందా? చేతికి వాచీ? నేను అడిగేదాకా అది మీ ఒంటిని తాకుతోందన్న సంగతే మీకు గుర్తు లేదు. అడగ్గానే తెలిసింది. ఉంగరం కొత్తగా వచ్చి తాకలేదు. మారిందల్లా మీ ధ్యాస.

ఇది లోపం కాదు, శరీరం చేసుకున్న ఏర్పాటు. మన చర్మంలో స్పర్శను పట్టే గ్రాహకాలు ఉంటాయి. వాటిలో కొన్ని ఏదైనా తాకగానే మెదడుకు కబురు పంపి, ఆ తాకిడి మారకుండా ఉంటే ఊరుకుంటాయి. మరికొన్ని కబురు పంపుతూనే ఉంటాయి. అయితే అందులో అవసరం లేనిదాన్ని మెదడు పక్కన పెట్టేస్తుంది. లేకపోతే చొక్కా, చెప్పులు, కళ్లజోడు అన్నీ క్షణక్షణం గుర్తొస్తూ ఏ పనీ చేయనివ్వవు. మిరపకాయ మంటను, వేడిని పట్టే గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు, ఒత్తిడిని పట్టే పీజో గ్రాహకాలను కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌కు కలిపి 2021లో వైద్యశాస్త్ర నోబెల్ ఇచ్చారు. స్పర్శ అంత పెద్ద విషయం. మనం మాత్రం అది పోయేదాకా పట్టించుకోం.

కొన్నాళ్ల కిందట రాజోలులో మా ఓపీకి ఒక పెద్దాయన వచ్చారు. రిటైరైన ఉద్యోగి. పన్నెండేళ్లుగా షుగర్. పొద్దున్నే ఒట్టి కాళ్లతో కొబ్బరితోటలో తిరిగొచ్చారు. సాయంత్రం ఇంట్లో గచ్చు మీద రక్తపు మరకలు చూసి, అవి ఎవరి కాలివో కోడలు వెతికితే ఆయన అరికాల్లో పెంకు ముక్క దిగి ఉంది. ఆయనకు తెలియదు. నొప్పి లేదు కదా అని ఇంకో నాలుగు రోజులు ఊరుకున్నారు. మా దగ్గరకొచ్చేసరికి చీము పట్టింది.

‘ఆయ్, ఏదో ధ్యాసలో ఉండి చూసుకోలేదండి’ అన్నారు.

నేను చెప్పదలచుకున్నది ఈ మాట గురించే. ధ్యాస లేక తెలియకపోవడం వేరు, నరం దెబ్బతిని తెలియకపోవడం వేరు. మొదటిది ఉంగరం లాంటిది. గుర్తు చేస్తే తెలుస్తుంది. రెండోదాంట్లో ఎంత గుర్తు చేసుకున్నా తెలియదు. మనం రెండోదాన్ని కూడా మొదటిదే అనుకుని తేలిగ్గా తీసుకుంటున్నాం. ఆయనకు కళ్లు మూయించి వేళ్లను తాకి చూస్తే చాలాచోట్ల జవాబే రాలేదు. చివరకు ఒక వేలు తీసేయాల్సి వచ్చింది.

షుగర్ ఏళ్ల తరబడి అదుపు తప్పితే నరాలు దెబ్బతింటాయి. అన్నిటికంటే పొడవైన నరాలు పాదాలకు వెళ్లేవి కాబట్టి సాధారణంగా కాలివేళ్ల దగ్గరే మొదలై, మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. తిమ్మిర్లు, మంటలు ఉన్నవాళ్లు ఎలాగూ డాక్టర్ దగ్గరకు వస్తారు. ఏ బాధా లేకుండా మొద్దుబారినవాళ్లతోనే చిక్కు. కాలి నుంచి చెప్పు జారిపోయినా వాళ్లకు తెలియదు.

నొప్పి లేకపోతే ఏమవుతుందో మనకు నేర్పింది కుష్ఠు వ్యాధి. తమిళనాడులోని వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో 1940వ దశకంలో చేరిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ ఆ రోగులను దగ్గరగా గమనించారు. వేళ్లను రోగం తినేస్తుందని అప్పటిదాకా అనుకునేవారు. అది కాదనీ, స్పర్శ పోయిన చేతికి, కాలికి తెలియకుండా తగిలే దెబ్బలు, కాలిన గాయాలే వేళ్లను పోగొడుతున్నాయనీ ఆయన చూపించారు. తర్వాత అమెరికాలో అదే పాఠాన్ని షుగర్ రోగుల పాదాలకూ వర్తింపజేశారు.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. దీన్ని ఇప్స్‌విచ్ టచ్ టెస్ట్ అంటారు. షుగర్ ఉన్న మీ నాన్నగారినో అత్తగారినో పడుకోబెట్టి కళ్లు మూసుకోమనండి. ఒక్కో పాదంలో బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను మీ చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు మెత్తగా తాకండి. నొక్కొద్దు, గిల్లొద్దు. తాకినప్పుడల్లా ‘కుడి’, ‘ఎడమ’ అని వాళ్లే చెప్పాలి. ‘తెలిసిందా?’ అని మీరు అడగొద్దు. అడిగితే, కళ్లు తెరిచి చూస్తే, తెలియకపోయినా తెలిసినట్టే ఉంటుంది. అది ధ్యాస చేసే మాయ. ఆరింట్లో రెండు, అంతకంటే ఎక్కువ వేళ్లకు జవాబు రాకపోతే డాక్టర్‌కు చూపించండి. అన్నీ తెలిసినా ఏడాదికోసారి పాదాల పరీక్ష తప్పదు.

స్పర్శ పోయిందని తేలితే, అది చేసే కాపలా పని ఇక కళ్లు చేయాలి. రోజూ రాత్రి పడుకునే ముందు అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి. వంగలేనివాళ్లు కింద అద్దం పెట్టుకోవచ్చు, ఇంట్లోవాళ్లనైనా చూడమనవచ్చు. చెప్పులు వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడమాలి. ఇంట్లోనూ ఒట్టి కాళ్లతో నడవొద్దు. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి వెళ్లినా ఇసుకలో చెప్పులుండాల్సిందే. కొబ్బరినూనె పాదాలకు రాయండి, వేళ్ల సందుల్లో వద్దు. ఆనెలను బ్లేడుతో కోసుకోవద్దు.

అన్నిటికంటే ముఖ్యం, తిమ్మిరికాళ్లకు వేడినీళ్ల కాపడం పెట్టకండి. కాలుతున్నా తెలియని కాళ్లవి. బొబ్బలు చూశాకే తెలుస్తుంది. పుండు పడితే నొప్పి ఉందా లేదా అని ఆలోచించకుండా అదే రోజు ఆసుపత్రికి రండి.

షుగర్ లేనివాళ్లకూ ఒక మాట. ఒంటి మీద పాలిపోయిన, లేదా ఎర్రటి మచ్చ ఉండి అక్కడ స్పర్శ లేకపోతే దాచుకోకండి. కుష్ఠు మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. ముందే మొదలుపెడితే పూర్తిగా నయమవుతుంది, అవిటితనం రాదు.

మన కోనసీమలో ఎన్నో ఇళ్లలో పెద్దవాళ్లే ఉంటారు. పిల్లలు గల్ఫ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. ఫోన్ చేసినప్పుడల్లా ‘షుగర్ ఎంతుంది నాన్నా?’ అని అడుగుతారు. మంచిదే. ఈసారి ఇంకో ప్రశ్న కలపండి. ‘ఇవాళ కాళ్లు చూసుకున్నారా?’ అని. ఆ ఒక్క ప్రశ్న ఒక వేలిని నిలబెట్టొచ్చు.