గాజు మేడయు న్యాయమును

న్యాయస్థానమును గాజుతో గట్టినంతనే న్యాయము గూడ నద్దమువలె నిర్మలమగునా? అగునని నమ్మువారు పారిసు నగరమందలి నూతన న్యాయసౌధమును జూపుచున్నారు. మేము వారితో నేకీభవింపజాలము.

రెంజో పియానో యను ఇటలీదేశపు శిల్పి రచించిన యీ సౌధము 2018వ సంవత్సరమున తెఱవబడినది. ఎత్తు 160 మీటర్లు, అంతస్తులు 38, విచారణశాలలు 90. పెద్దపెట్టెపై చిన్నపెట్టెను, దానిపై మఱింత చిన్నదానిని బేర్చినట్లుండును. నడుమ మిద్దెలపై చెట్లు పెంచిరి. లోనికి వెలుతురు ధారాళముగ వచ్చును. సీను నదీద్వీపమందలి పూర్వపు రాజమందిరమున నిఱుకున బడియుండిన న్యాయస్థానమునకు దీనివలన చోటు దొరకిన మాట నిజమే. దానిని మేము కాదనము.

కాని యీ సౌధము కొఱకు నగరమందలి 20 పేటలలో వేర్వేఱుగ నుండిన చిన్న న్యాయస్థానము లెత్తివేయబడి యిచ్చట జేర్పబడినవి. ఇంటియద్దె తగవులును, చిల్లరయప్పుల తగవులును దీర్చుచుండినవి యవియే. ధనవంతుడగు వ్యాజ్యెగానికి దూర మొక లెక్కగాదు. అద్దె చెల్లింపలేని ముసలమ్మకో, ప్రతి యడుగును లెక్కయే. పేటలోని న్యాయము చేతికందు కొమ్మ. మేడలోని న్యాయము చిటారుకొమ్మ.

మఱియొకటి. వెలుపలి గాజు వెలుతురు కొఱకైనచో, లోపలి గాజు దేనికొఱకు? కొన్ని విచారణశాలలలో ముద్దాయిలను గూర్చుండబెట్టుటకు గాజుగదులు గట్టిరి. కావలి కవి యవసరమని యధికారులు చెప్పిరి. న్యాయవాదులు తీవ్రముగ నెదిర్చిరి. న్యాయము న్యాయవాదుల పక్షముననే యున్నదని మా యభిప్రాయము. పాఱిపోవువాడును, పైబడువాడును నుందురు గాక. అట్టివాని విషయమున నెట్టి కట్టుదిట్టము వలయునో న్యాయాధిపతి యప్పటికప్పుడు నిర్ణయింపవచ్చును. ఎవడు వచ్చునో యెఱుగకయే ముందుగా గది గట్టియుంచుట యేమి ధర్మము? నేరము రుజువగువఱకు మనుష్యుడు నిర్దోషియే యని 1789వ సంవత్సరపు మానవహక్కుల ప్రకటనమున లోకమునకు జాటిన దేశమది! అట్టిచోట న్యాయాధిపతి నోరు విప్పకమునుపే గోడ తీర్పు చెప్పుచున్నది.

కావున న్యాయసౌధ మెచ్చట గట్టినను, దాని యెత్తు నడుగుటకు ముందు రెండు ప్రశ్నలడుగుడు. బీదవా డచ్చటికి సులభముగ జేరగలడా? ముద్దాయి తన వకీలు చెవిలో నొక్కమాట చెప్పుకొనగలడా? ఈ రెంటికిని ఔనని చెప్పగలిగినది పెంకుటిల్లైనను న్యాయస్థానమే. చెప్పలేనిది మబ్బులనంటినను వట్టి కచ్చేరీ.