పొలం బాటకు ఫుల్ సస్పెన్షన్ ఎలక్ట్రిక్ సైకిల్ అవసరమా?



కంది చేలో నీమాస్త్రం కొట్టిన వీడియోలో నా ఎలక్ట్రిక్ సైకిల్ ఒక రెండు నిమిషాలు కనిపించింది. అప్పటి నుంచి కంది గురించి అడిగేవాళ్ల కంటే సైకిల్ గురించి అడిగేవాళ్లే ఎక్కువయ్యారు. అందరి ప్రశ్నా దాదాపు ఒకటే: "కొత్తది కొంటున్నాం అన్నా, ముందూ వెనకా షాక్‌లున్న మౌంటెన్ బైక్ కొనమంటావా?" నా జవాబు ముందే చెప్పేస్తా. ఎలక్ట్రిక్ సైకిల్ కొనండి, మంచిదే. కానీ పొలం పనికైతే వెనక షాక్ కోసం డబ్బు పెట్టకండి. ఎందుకో ఈ పై వీడియోలో కొంత చూపించాను, మిగతాది ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఈ మాట ఊరికే రాయడం లేదు. మా చిన్నాన్న కొడుకు డిగ్రీ చదివి, ఉద్యోగానికి పట్నం పోకుండా ఊర్లోనే నాలుగెకరాలు ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాడు. మాది వికారాబాద్ వైపు. హైదరాబాద్ నుంచి వారాంతాల్లో అనంతగిరి గుట్టలకు సైకిళ్లేసుకుని వచ్చేవాళ్లు మాకు కొత్త కాదు. వాళ్ల దగ్గర ఫుల్ సస్పెన్షన్ బండ్లు చూసి మావాడికి మనసు పడింది. లక్షన్నర చెప్పారట. సగం కంది డబ్బుల్లోంచి, సగం ఈఎంఐ. "గుంతలున్నా తెలియదన్నా, మంచం మీద కూసున్నట్టే ఉంటది" అంటాడు. వాడి ఆశ తప్పని నేననను. కానీ అదే డబ్బుతో ఇంకో దేశీ ఆవు, దానికి కొట్టం, నాలుగు డ్రమ్ములు వస్తాయి. అందుకే ఇది సైకిల్ ముచ్చట కాదు, ఒక చిన్న రైతు ఏడాది కష్టం ఎటు పోవాలన్న ముచ్చట.

అసలు ఆ బండి దేనికి పుట్టింది?

ఫుల్ సస్పెన్షన్ ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ అంటే కొండ ఎక్కడానికి మోటారు, కొండ మీంచి రాళ్లల్లో వేగంగా దిగడానికి రెండు షాక్‌లు. స్పెషలైజ్డ్ కంపెనీ 2015లో టర్బో లెవో తెచ్చింది. బాష్, షిమానో కంపెనీల మోటార్లతో ఇంకా ఎన్నో వచ్చాయి. ఈ రకంలో చక్రం 150 మిల్లీమీటర్ల దాకా పైకి కిందికి ఆడుతుంది. మోటారు పెడల్ దగ్గరే ఉంటుంది కాబట్టి గేర్ల సాయం దానికి కూడా అందుతుంది, నిట్టనిలువు ఎక్కుడులో కూడా లాగుతుంది. బరువు 22 నుంచి 25 కిలోలు. అమెరికా, యూరప్‌లలో మంచిది కావాలంటే 4 వేల డాలర్ల నుంచి 10 వేల డాలర్ల పైదాకా పెడతారు. ఆ పనికి అది గొప్ప యంత్రమే, అందులో సందేహం లేదు.

మన పని వేరు. మన బాటలో ఉండేవి బండ్ల చాళ్లు, గెట్లు, వానాకాలం బురద, ఎండాకాలం దుమ్ము, ఏడాది పొడుగునా సర్కారు తుమ్మ ముళ్లు. మనం గంటకు 12, 15 కిలోమీటర్ల కంటే వేగంగా పోము. ఆ వేగంలో కుదుపును చాలావరకు టైరే మింగేస్తుంది. 2.4 అంగుళాల వెడల్పు టైరులో గాలి కొంచెం తక్కువ పెట్టి, సీటు కింద సస్పెన్షన్ ఉన్న సీట్‌పోస్ట్ వేసుకుంటే నడుముకు సరిపోతుంది. ముందు ఫోర్క్‌కు షాక్ ఉంటే చేతులకూ హాయి. అంతకు మించింది ఖర్చే.

వెనక షాక్ తెచ్చే బాధలు

ఒకటి, సామాను. వెనక చక్రం పైకి కిందికి ఆడుతుంది కాబట్టి మామూలు క్యారియర్ దానికి బిగించలేం. సీట్‌పోస్ట్‌కు వేలాడే చిన్న క్యారియర్లు 10 కిలోల దగ్గరే మొరాయిస్తాయి. మనకేమో 20 లీటర్ల డబ్బా, గంప, కొడవలి, ఆవుకు ఒక మోపు గడ్డి, మధ్యాహ్నం సద్ది ఉంటాయి. క్యారియర్ పట్టని సైకిల్ రైతుకు సగం సైకిలే.

రెండు, సర్వీసు. వెనక షాక్ ఉన్న ఫ్రేమ్‌లో నాలుగైదు చోట్ల కీళ్లుంటాయి, ప్రతి కీలులో బేరింగులుంటాయి. నల్లరేగడి బురద వాటిలోకి పోతే కిర్రు కిర్రుమంటాయి. బురద పోవాలని స్ప్రేయర్ పంపుతో కొట్టి కడిగితే ఉన్న గ్రీజు కూడా పోతుంది. గాలి షాక్‌కు మామూలు పంపు పనికిరాదు, దానికి ప్రత్యేకమైన హై ప్రెజర్ పంపు కావాలి. రాక్‌షాక్స్ లాంటి కంపెనీలు చాలా మోడళ్లకు ప్రతి 50 గంటల వాడకానికి ఒకసారి షాక్ ఎయిర్ క్యాన్ సర్వీసు చేయించమంటాయి. రోజూ గంటసేపు తొక్కే రైతుకు 50 గంటలంటే రెండు నెలలు కూడా కాదు. మన మండలంలో ఆ పని తెలిసిన మనిషి ఉన్నాడా? లేకపోతే బండి బస్సెక్కి పట్నం పోవాలి.

మూడు, ఎవరెక్కుతారు? ఇది అసలు ప్రశ్న. మౌంటెన్ బైక్‌కు మధ్య కడ్డీ ఎత్తుగా ఉంటుంది. చీర కట్టుకున్న అమ్మ, వదిన, చెల్లె దాని మీద ఎక్కలేరు. మోకాళ్లు అరిగిన నాన్న కాలు తిప్పి ఎక్కలేడు. ఇంట్లో వ్యవసాయం చేసేది నలుగురు, బండి ఎక్కేది ఒక్కడు అయితే లెక్క ఎట్లా కుదురుతుంది? కడ్డీ కిందికి వంగిన ఫ్రేమ్ తీసుకుంటే ఇంటిల్లిపాదీ వాడుకోవచ్చు. మా ఇంట్లో ఎక్కువ తొక్కేది మా అమ్మే. ఇంతకుముందు దూరపు చెలకకు పోవాలంటే ఎవరో ఒకరు బండి మీద దింపాలి. ఇప్పుడు ఎవరినీ అడగకుండా పోయి వస్తుంది.

లైసెన్సు ముచ్చట కూడా ఇక్కడే చెప్తా. మోటారు 0.25 కిలోవాట్ లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, అధీకృత సంస్థ టెస్టింగులో పాసైన ఎలక్ట్రిక్ సైకిల్‌ను మన కేంద్ర మోటారు వాహన నియమాలు మోటారు వాహనంగా లెక్కపెట్టవు. అంటే రిజిస్ట్రేషన్, లైసెన్సు అవసరం లేదు. కొనేటప్పుడు ఆ సర్టిఫికెట్ అడిగి చూడండి. కొందరు "లాక్ తీస్తే 40 పోతది" అని ఆశ పెడతారు. ఆ లాక్ తీసిన రోజు నుంచి అది చట్టం ముందు సైకిల్ కాదు. రోడ్డు మీద ఏమన్నా అయితే ఇన్సూరెన్సు లేని మోటారు వాహనం నడిపినట్టే అవుతుంది.

మరి ఎలక్ట్రిక్ సైకిలే ఎందుకు?

"ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకు బయటి నుంచి కొనుడే వద్దంటారు కదా, మళ్లీ ఈ బ్యాటరీ సైకిల్ ఏంది?" అని ఒక పెద్దాయన అడిగాడు. మంచి ప్రశ్న. విత్తనం, ఎరువు, మందు కొనేముందు మనం వేసుకునే ప్రశ్నే దీనికీ వేయాలి: ఇది నా పొలానికి ఏం చేస్తుంది? నన్ను ఎవరి మీద ఆధారపడేలా చేస్తుంది?

మొదటిదానికి నా జవాబు చేను తిరగడం. రసాయన మందు కొట్టేవాడు పురుగు ముదిరాక కూడా చంపుతాననే ధీమాతో ఉంటాడు. మనకు ఆ దారి లేదు. కంది పూతకొచ్చినప్పుడు శనగపచ్చ పురుగు గుడ్డు దశలో, చిన్న పిల్ల దశలో కనబడితేనే వేప ద్రావణం, నీమాస్త్రం పనిచేస్తాయి. కాయలోకి తల పెట్టిందంటే ఇక మన చేతిలో లేదు. పూత సమయంలో రోజు విడిచి రోజైనా ప్రతి చెలకా తిరగాలి. నాకు మూడు చోట్ల భూమి ఉంది, ఒక రోజు తిరుగుడంతా కలిపితే 12 కిలోమీటర్లు. నడిచి తిరిగే ఓపిక ఉండదు, పెట్రోలు బండికి "రేపు పోదాంలే" అనే బద్ధకం ఉంటుంది. తాండూర్ కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది, మా పప్పుకు పేరుంది. ఆ పేరు నిలబడేది గింజలో, గింజ నిలబడేది ఆ తిరుగుడులో.

రెండోదానికి లెక్క చూపిస్తా. రోజుకు 12 అంటే నెలకు 360 కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చే బండికి 8 లీటర్ల పెట్రోలు, లీటరు 107 అనుకుంటే సుమారు 850 రూపాయలు. ఎలక్ట్రిక్ సైకిల్ పెడల్ సాయంతో కిలోమీటరుకు 10 వాట్ అవర్ల చొప్పున తీసుకుంటుందనుకోండి, నెలకు 3.6 యూనిట్లు, ఛార్జింగులో పోయేది కలిపి 5 యూనిట్లు వేసుకోండి. యూనిట్ 5 రూపాయలైనా 25 రూపాయలు. అంటే నెలకు 800 పైన, ఏడాదికి దాదాపు 10 వేలు మిగులు.

ఇప్పుడు ఆ మిగులును బండి ధరతో పోల్చండి. వెనక షాక్ లేని, క్యారియర్ ఉన్న సైకిల్ 40 వేలైతే నాలుగేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది. లక్షన్నర బండికి 15 ఏళ్లు పడుతుంది, ఈఎంఐ వడ్డీ, షాక్ సర్వీసు లెక్కలోకి తీసుకోకుండానే. ఏ బ్యాటరీ కూడా 15 ఏళ్లు ఉండదు. బ్యాటరీ మార్చే ఖర్చు రెండిటికీ ఉంటుంది, కాబట్టి కొనే రోజే దాని ధర అడిగి రాసుకోండి.

ఒక మాట. మన రాష్ట్రంలో వ్యవసాయ కనెక్షన్‌కు ఉచిత కరెంటు ఉందని బావి కాడ స్టార్టర్ డబ్బా నుంచి వైరు లాగి ఛార్జ్ పెట్టకండి. అది పంటకు ఇచ్చిన కరెంటు. నెలకు 25 రూపాయల కోసం మన మాట పోగొట్టుకోవద్దు. ఇంటి మీటరు మీదే పెట్టుకోండి, పైకప్పు మీద సోలార్ ఉంటే ఇంకా మంచిది.

కొనేటప్పుడు చూడాల్సినవి

మోటారు: చదును నేలకు వెనక చక్రంలో ఉండే హబ్ మోటారు చాలు, ధర తక్కువ, చెడిపోయే భాగాలు తక్కువ. గుట్టల ఊర్లలో, రోజూ నిలువు ఎక్కుడు ఉంటే పెడల్ దగ్గరి మోటారు మంచిది. హబ్ మోటారు నిలువు ఎక్కుడులో మెల్లగా పోతూ వేడెక్కుతుంది.

బరువు మోసే శక్తి: మనిషి, సామాను కలిపి ఎంత అని మాన్యువల్‌లో ఉంటుంది. సాధారణంగా 100 నుంచి 120 కిలోలు. 200 లీటర్ల జీవామృతం డ్రమ్ము దీని పని కాదు, అది బండికో ట్రాలీకో వదిలేయండి.

ముళ్లు: మన నేలలో సస్పెన్షన్ కంటే పెద్ద సమస్య పంక్చరు. టైర్లలో సీలెంట్ పోయించండి. హబ్ మోటారు ఉన్న వెనక చక్రం విప్పాలంటే స్పానర్ కావాలి, మోటారు వైరు ప్లగ్గు తీయాలి. కొనే రోజే షాపులో మీ చేత్తో ఒకసారి విప్పి బిగించి చూడండి.

బ్యాటరీ: తీసి ఇంట్లోకి తెచ్చుకునేలా ఉండాలి. ఎండలో నిలబెట్టిన బండికి వెంటనే ఛార్జ్ పెట్టకండి, చల్లారనివ్వండి. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు, మన ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు అంతకంటే ఎక్కువే కాగుతుంది. గడ్డివాము పక్కన, పశువుల కొట్టంలో అసలు పెట్టకండి. సెకండ్ హ్యాండ్‌లో ఫ్రేమ్ పాతదైనా ఫరవాలేదు, బ్యాటరీ పాతదైతే వద్దు. కొత్తది కొనాలనడానికి నాకు కనబడే బలమైన కారణం ఇదొక్కటే.

ఎవరికి ఫుల్ సస్పెన్షన్ న్యాయం?

లేదని నేననను. మీ తోట గుట్ట వాలులో ఉండి రోజూ రాళ్ల బాటలో దిగాల్సి వస్తే, నడుముకు దెబ్బ తగిలి డాక్టరు కుదుపు వద్దంటే, లేదా పొలానికి వచ్చే పట్నం అతిథులకు సైకిళ్లు అద్దెకిచ్చే ఆలోచన ఉంటే తప్పకుండా చూడండి. అద్దెకైతే అది వ్యాపారం, దాని లెక్క వేరు: ఎన్ని వారాంతాలు తిరిగితే అసలు వస్తుందో కాగితం మీద రాసి కొనండి. గుట్టల మీద అటవీ భూమి ఉంటే అనుమతి లేకుండా అతిథులను తీసుకుపోకండి. కానీ 50, 60 వేలకే "డబుల్ సస్పెన్షన్" అని అమ్మే వాటితో జాగ్రత్త. చాలావాటిలో వెనక ఉండేది ఒక మామూలు స్ప్రింగు. పెడల్ వేసినప్పుడల్లా ఊగుతూ మీ బలాన్ని తినేస్తుంది, బరువు పెంచుతుంది, క్యారియర్‌కు చోటివ్వదు.

మా తమ్ముడికి ఇవన్నీ చెప్పాను. "నీకంతా లెక్కే అన్నా, సంబురం అక్కర్లేదా?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర ఎదురు మాట లేదు. ఊర్లో ఉండి వ్యవసాయం చేసే పిల్లగాడికి ఒక సంబురం ఉండాలి, లేకపోతే వాడు కూడా పట్నం బస్సెక్కుతాడు. నేననేది ఒక్కటే: సంబురానికి కొంటే సంబురమని ఒప్పుకుని, చేతిలో మిగిలిన డబ్బుతో, అప్పు లేకుండా కొను. వ్యవసాయం పేరు మీద కొంటే వ్యవసాయం లెక్కకు నిలబడేది కొను. ఆ రెండిటినీ కలిపి ఈఎంఐ కట్టకు. వాడు ఇంకా ఏదీ తేల్చుకోలేదు.

మీ నేల ఎట్లాంటిది, రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, ఇంట్లో ఎంతమంది తొక్కుతారు అన్న ఈ మూడూ రాయండి. మీకు ఏది సరిపోతుందో నాకు తెలిసినంత వరకు చెప్తాను. ఇప్పటికే వెనక షాక్ బండి పొలంలో వాడుతున్నవాళ్లుంటే వానాకాలం ఎట్లా గడిచిందో తప్పకుండా చెప్పండి. నా లెక్క మీ అనుభవంతో సరిచూసుకోవాలని ఉంది.