కునికిపాట్లు సోమరితనం కాదు, జబ్బు కావచ్చు

పగటి డ్యూటీలో కునికిపాట్లు పడే పారిశుద్ధ్య కార్మికుణ్ణి, డ్రైవర్‌ని, వాచ్‌మన్‌ని లోకం 'సోమరి' అంటుంది. ఆ కార్మికుడు దళితుడైతే ఆ మాట ఇంకా సులువుగా నోటికొస్తుంది. రాత్రి అతనికి ఊపిరి సరిగా ఆడిందా అని అడిగేవాళ్లు అరుదు.

స్లీప్ అప్నియాలో నిద్రపోతున్నప్పుడు గొంతు దారి మూసుకుపోయి శ్వాస ఆగిపోతుంటుంది. ఒక్కోసారి 10 సెకన్లు, అంతకంటే ఎక్కువ. ఇలా గంటకు 30 సార్లు జరిగితే జబ్బు తీవ్రంగా ఉన్నట్టు లెక్క. బీపీ, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ప్రపంచంలో 30-69 ఏళ్ల వాళ్లలో దాదాపు 93.6 కోట్ల మందికి ఇది ఉందని 2019లో లాన్సెట్ రెస్పిరేటరీ మెడిసిన్ పత్రిక అంచనా ప్రచురించింది.

దీనికి ప్రధాన చికిత్స సీప్యాప్ మిషన్. మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు దారిని తెరిచి ఉంచుతుంది. దాన్ని 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కొలిన్ సలివాన్ పరిచయం చేశాడు. అది జబ్బును నయం చేయదు, వాడిన రాత్రి మాత్రమే కాపాడుతుంది. మాస్కు ఒరుసుకుంటుంది, గాలి లీకవుతుంది, ముక్కు ఎండిపోతుంది. చాలామంది కొన్ని వారాలకే పక్కన పడేస్తారు.

టెలీమెడిసిన్ పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. ఎన్ని గంటలు వాడారో, ఎంత గాలి లీకయిందో మిషనే డాక్టరుకు పంపుతుంది. వాడకం తగ్గితే ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1,455 మందితో జరిపిన పరిశోధన 2018లో వెలువడింది. మామూలు చికిత్సలో సరిపడినంత వాడినవాళ్లు 53.5 శాతమైతే, ఇలా దూరం నుంచి గమనించి మెసేజ్‌లు పంపినప్పుడు 65.6 శాతానికి చేరారు.

మరి మన దగ్గర? టెలీమెడిసిన్ నిబంధనలు 2020 మార్చిలో వచ్చాయి. గ్రామ ఆరోగ్య కేంద్రాన్ని దూరంలోని డాక్టరుతో కలిపే ఈ-సంజీవనిని ఆంధ్రప్రదేశ్ 2019 నవంబరులోనే మొదలుపెట్టింది. అంటే దారి ఉంది. కానీ కాలిఫోర్నియాలో వాళ్లు గమనించింది అప్పటికే ఇంట్లో మిషన్ ఉన్నవాళ్లని. కేంద్ర ఉద్యోగికి సీజీహెచ్ఎస్ కింద మిషన్ ఖర్చు తిరిగొచ్చే వీలుంది. వేల రూపాయల ఆ మిషన్‌ను కాంట్రాక్టు కార్మికుడు ఎక్కడి నుంచి తెస్తాడు? తెచ్చినా రాత్రంతా కరెంటు ఉండాలి. ఇంటికంతా ఒకే ఫోన్ ఉంటే, అది పగలు ఎవరి చేతిలో ఉంటుందో కూడా చూడాలి.

ఇంకో రెండు ప్రమాదాలున్నాయి. మొదటిది, సమాచారం. ఫలానా డ్రైవర్‌కి నిద్ర జబ్బు ఉందని యజమానికి తెలిస్తే వైద్యం చేయిస్తాడా, పనిలోంచి తీసేస్తాడా? ఈ భయం తీరకుండా కార్మికుడు పరీక్షకే రాడు. రెండోది, దూరం. మాస్కు సరిగా అమరిందో లేదో ముఖం తాకి చూడాలి. తరతరాలుగా మనల్ని తాకకుండా దూరం పెట్టిన సమాజమిది. ఇక్కడ స్క్రీన్ వైద్యం ఆ దూరానికి కొత్త సాకు కాకూడదు.

అందుకే మేం టెలీమెడిసిన్‌ను వద్దనడం లేదు, దాని వరస మార్చమంటున్నాం. ముందు మున్సిపల్ కార్మికులకు, డ్రైవర్లకు ఉచిత నిద్ర పరీక్ష. తర్వాత మిషన్. దానికి 2013లో ఉమ్మడి రాష్ట్రంలో పోరాడి సాధించుకున్న ఉప ప్రణాళిక స్ఫూర్తితో ఎస్సీ, ఎస్టీ నిధులు వాడాలి. ఆ తర్వాత బస్తీలోనే మాస్కు సరిచేసే శిక్షణ పొందిన నర్సు, ఆమె వెనక ఫోన్‌లో నిపుణుడు. రోగి రాతపూర్వక అనుమతి లేకుండా సమాచారం యజమానికి చేరకూడదు.

పని గంటల కోసం మన యూనియన్లు కొట్లాడాయి. ఇకపై వాళ్ల డిమాండ్ పత్రాల్లో నిద్ర కూడా ఉండాలి. హాయిగా ఊపిరి పీల్చి నిద్రపోవడం కూడా హక్కే.