నొప్పిమందు మానుట యెట్లు?

ఇంటి పెద్దలకు తుంటికీలు మార్చు శస్త్రచికిత్స జరుగునప్పుడు మనమందఱమును శస్త్రము జరుగు దినమును గూర్చియే భయపడుదుము. డాక్టరుగారు వెలుపలికి వచ్చి అంతయు సవ్యముగా జరిగినదని చెప్పగానే గండము గడచినదని తలంతుము. కాని గృహిణి పని యింటికి వచ్చిన పిదపనే మొదలగును. ఆసుపత్రివారు ఒక మందుల సంచియు, ఒక చీటియు చేతికిచ్చి పంపుదురు. అందులోని నొప్పిమాత్రలను ఎన్నాళ్లు వేయవలెను? ఎప్పుడు తగ్గింపవలెను? ఏ విధముగా మానిపింపవలెను? ఈ ప్రశ్నలను అడుగుటకు మనకు సంకోచము. చెప్పుటకు వారికి తీరిక తక్కువ. అందుచేత ఈ మాసము ఈ విషయమును గూర్చి కొంత ముచ్చటింపదలచితిమి.

ఇప్పుడు జరుగుచున్న తుంటికీలు మార్పిడికి 1962వ సంవత్సరమున ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ యను శస్త్రవైద్యుడు పునాది వేసెను. అరిగిన యెముక తలను తీసివేసి, లోహపు కాడను, దానికి తగిన గిన్నెను అమర్చుదురు. ఎముకను కోసి చేయు పని గనుక పిమ్మట నొప్పి కలుగుట సహజము. అది మొదటి దినములలో హెచ్చుగా నుండి, వారములు గడచినకొలది తగ్గును. నొప్పిని పైకి చెప్పక యోర్చుకొనుటయే గొప్పయని మన పెద్దలలో కొందఱి తలంపు. ఈ శస్త్రము తరువాత ఆ తలంపు హాని చేయును. నొప్పిచే కదలక పడియున్నవారికి కండలు సడలును. కాలి సిరలలో నెత్తురు గడ్డకట్టు భయము హెచ్చును. మొదట మందిచ్చుట నిద్రకొఱకు మాత్రమే కాదు, లేచి నాలుగడుగులు వేయుటకొఱకు.

ఆ సంచిలో సాధారణముగా మూడు తెగల నొప్పిమందు లుండును. మొదటిది మనమెల్లర మెఱిగిన పారాసిటమాల్. రెండవది వాపును, నొప్పిని తగ్గించు ఐబూప్రొఫెన్, డైక్లోఫినాక్ మొదలగునవి. ఇవి కడుపులో పుండ్లు పుట్టింపవచ్చును, మూత్రపిండములకు చెఱుపు చేయవచ్చును. నెత్తురు గడ్డకట్టకుండ ఇచ్చు మందులతో కలిసినప్పుడు రక్తస్రావ భయమును గలదు. మూడవది ట్రామడాల్, టాపెంటడాల్ వంటివి. ఇవి చాలవఱకు నల్లమందు పనిచేయు తీరుననే మెదడుపై పనిచేయును. ట్రామడాలును మన ప్రభుత్వమువారు 2018లో మాదకద్రవ్యముల చట్టము క్రిందికి తెచ్చిరి. తీవ్రమైన నొప్పికి ఇవి యుపకరించునవే గాని మగత, తలతిరుగుడు, వికారము, మలబద్ధకము కలిగించును. కొత్త కీలుతో నడుచు వృద్ధురాలు మగతలో జాఱిపడినచో జరుగు ననర్థమును వేఱుగ చెప్పనక్కఱలేదు. కావున మొదట తగ్గింపవలసినది ఈ మూడవ తెగనే.

అట్లని ఒక్క దినమున మానిపింపరాదు. మేమెఱిగిన యొక యింటిలో అత్తగారు శస్త్రమైన మూడు వారములకు గూడ దినమునకు మూడు ట్రామడాల్ మాత్రలు వేసికొనుచుండిరి. చూడవచ్చిన ఆడపడుచు "వదినా, అది నల్లమందే సుమా! అలవాటైనదంటే ఇక వదలదు" అని పోయినది. ఆమె ఆ రాత్రినుండియే మాత్రలన్నియు మానివేసినది. మఱునాటినుండి ఆవులింతలు, చెమటలు, ముక్కు కారుట, విరేచనములు. కాళ్లలో చెప్పరాని తపన. కంటికి కునుకు లేదు. ఇంటివారు పడిసెమనుకొనిరి. ఆమె తన కీలు చెడినదని కొంతయు, తాను మందుకు బానిసయైతినని కొంతయు కుమిలి, సిగ్గుచే నాలుగు దినములు నోరు విప్పలేదు; నడకయు మానినది. కోడలు కనిపెట్టి డాక్టరుగారికి ఫోను చేయగా, ఆయన తక్కువ మోతాదుతో మరల మొదలుపెట్టించి పది దినములలో మెల్లగా మానిపించిరి.

ఇచ్చట మనము గ్రహింపవలసిన భేద మొకటి గలదు. కొన్ని వారములు వరుసగా పుచ్చుకొన్న మందుకు శరీరము సర్దుకొనును. అది హఠాత్తుగా లేకపోయినచో తల్లడిల్లును. ఇది దేహధర్మము. నొప్పి లేకున్నను మత్తుకొఱకు మందును వెదకుట, దాచుకొనుట, హాని కలుగుచున్నను విడువలేకపోవుట వేఱొక వ్యాధి. దానికిని చికిత్స గలదు, నింద పనికిరాదు. మొదటిదానిని రెండవదిగా నెంచి పెద్దలను సిగ్గుపఱచుట మహాపరాధము.

అలవాటైనదానిని అంచెలంచెలుగా విడువవలెనను మాట మనకు కొత్తది కాదు. చరకసంహిత సూత్రస్థానము ఏడవ యధ్యాయమునను, వాగ్భటుని అష్టాంగహృదయము సూత్రస్థానము ఏడవ యధ్యాయమునను ఈ క్రమము చెప్పబడినది. అలవాటుపడిన అపథ్యమును నాలుగవ పాలు చొప్పున మెల్లగా విడువవలెనని వాగ్భటుని యుపదేశము. అవసరమైనచో ఆ పాలులోను నాలుగవ పాలే తగ్గింపవచ్చునట. వారు చెప్పినది ఈ మాత్రలను గూర్చి కాకపోయినను, దేహస్వభావ మాకాలమున నెట్టిదో యీకాలమునను అట్టిదే.

ఇక ఆచరణ మెట్లు? కొలది దినములు మాత్రమే ఈ మందు వేసికొన్నవారు నొప్పి తగ్గగానే తఱచు సుళువుగనే మానగలరు. వారములు వేసికొన్నవారి సంగతి వేఱు. దినమునకు నాలుగు ట్రామడాల్ మాత్రలు పుచ్చుకొనువారున్నారనుకొందము. డాక్టరుగారి సమ్మతితో మొదట పగటి మాత్ర నొకదానిని తీసివేయవలెను. రెండు మూడు దినములు చూచి, నడకయు నిద్రయు చెడకున్నచో మఱియొకటి తీయవలెను. వ్యాయామమునకు ముందటిదియు, రాత్రిదియు చివఱకు మిగుల్చుట మంచిది. ఒక మెట్టున బాధ హెచ్చినచో అచ్చటనే కొన్నాళ్లు ఆగవలెను. ఈ కాలమంతయు పారాసిటమాలును చీటి ప్రకారము వేళకు ఇచ్చుచుండి, దానిని కడపట మానిపింపవలెను. శస్త్రమునకు ముందునుండియు నెలల తరబడి ఇట్టి మందులు వాడినవారికి ఇంకను నెమ్మది కావలెను. ఆ లెక్క డాక్టరుగారే వేయవలెను. మెల్లగా కరగుటకై చేసిన మాత్రలను విఱుచుటగాని నూఱుటగాని కూడదు. గాబాపెంటిన్, ప్రీగాబలిన్ అను మందు లిచ్చియున్నచో వానిని గూడ ఒక్కసారిగా నిలుపరాదు.

దీనికంతకును ఒక చిన్న నోటుపుస్తకము చాలును. మా యింటివారు బడిలో హాజరుపట్టీ వ్రాయునట్లు, ఏ గంటకు ఏ మాత్ర ఇచ్చితిమో వెంటనే వ్రాయవలెను. "నొప్పిగా నున్నదా?" అని మాత్రమే యడిగినచో పెద్దలు లేదనియే యందురు. "అత్తయ్యా, ఈ దినము వసారాదాక నడచితిరా? రాత్రి ఎన్నిమాఱులు మేల్కొంటిరి?" అని యడిగినచో నిజము తెలియును. ఆ పుస్తకమువలన మఱియొక ప్రమాదమును తప్పును. ట్రామడాలుతో కలిపి చేసిన మాత్రలలో తఱచుగా 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్ చేరియుండును. పడిసెపు మాత్రలలోను అది యుండును. పెద్దవారికి దినమునకు 4 గ్రాములు మీఱరాదు; బక్కచిక్కినవారికి, కాలేయవ్యాధి గలవారికి అంతకన్న తక్కువ. మీఱినచో కాలేయము చెడును.

మందు తగ్గుచున్నప్పుడు ఇతర సాయములు హెచ్చవలెను. మంచుగడ్డలను తువాలులో చుట్టి పదునైదు ఇరువది నిమిషములు తుంటిపై నుంచుట, కొద్దికొద్దిగా పలుమాఱులు నడపించుట, నీరును, ఆకుకూరలును, పండ్లును తగినంత ఇచ్చుట మేలు. డాక్టరుగారి యనుమతి లేక నిద్రమాత్రలను ఈ మందులతో కలుపరాదు. మద్యము బొత్తిగా పనికిరాదు. ఈ కలయికవలన ఊపిరి మందగించి ప్రాణాపాయము కలుగవచ్చును.

తగ్గుచు వచ్చిన నొప్పి హఠాత్తుగా పెరిగినచో మాత్ర హెచ్చించి ఊరకుండరాదు. జ్వరము, గాయమునుండి చీము, పిక్కలో వాపు, కాలు పొట్టిదైనట్లో ప్రక్కకు తిరిగినట్లో కనబడుట, అడుగు మోపలేకపోవుట, ఇవి తోచినచో ఆ దినముననే డాక్టరుగారికి చూపవలెను. ఱొమ్మునొప్పియు, ఆయాసమును కలిగినచో, లేక లేపినను లేవని మగత కలిగినచో క్షణమైన నాలస్యము చేయక ఆసుపత్రికి చేర్పవలెను.

మిగిలిన మాత్రలను "ఎవరికైన పనికివచ్చును" అని అఱలో దాచకుడు. పొరుగింటి నడుమునొప్పికి దానము చేయకుడు. వాడునన్నాళ్లును పిల్లల కందకుండ తాళమువేసి యుంచుడు. కేంద్ర ఔషధ ప్రమాణ నియంత్రణ సంస్థవారు 2025లో వెలువరించిన సూచనలలో ట్రామడాల్, టాపెంటడాల్ వంటివి మిగిలినచో మరుగుదొడ్డిలో వేసి నీరు పోయవలెనని యున్నది.

సోదరీమణులారా! మందు వేయుటకు డాక్టరుగారు గలరు. దించుటకు ప్రక్కనుండువారు కావలెను. శస్త్రమైన పిమ్మట మొదటిమాఱు డాక్టరుగారిని చూడబోవునప్పుడు కుట్లను గూర్చి యడుగుటతో తృప్తిపడక, "ఈ మాత్రలలో ముందు దేనిని తగ్గింపవలెను? ఎన్ని దినముల కెన్ని?" అని యడిగి, వారు చెప్పినదానిని వారి యెదుటనే పుస్తకమున వ్రాసికొని రండు. అడుగుటకు సంకోచింపవలదని మా ప్రార్థన.