పదిహేనో నెల తర్వాత ఎవరూ రారు

ఏడాదిన్నర పిల్లవాడు పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తున్నాడా? ఆకాశంలో విమానం కనబడితే వేలెత్తి చూపి, అమ్మ కూడా చూసిందా లేదా అని ఆమె మొహంలోకి చూస్తున్నాడా? ఆటిజం జాడలను తొలిదశలోనే పసిగట్టేందుకు అడిగేవి ఇలాంటి ప్రశ్నలే. చాలా దేశాల్లో వాడుతున్న ఎం-చాట్ పట్టికలో ఉన్నవి 20 ప్రశ్నలు. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం తయారైన ఆ పట్టికకు యంత్రమూ అక్కర్లేదు, రక్తపరీక్షా అక్కర్లేదు. 18, 24 నెలల్లో పిల్లలందరినీ ఇలా పరీక్షించాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2007 నుంచీ చెబుతోంది. అక్కడ మనవణ్ణి చూసుకోవడానికి వెళ్లిన తెనాలి అమ్మమ్మలు ఆ కాగితం చూసే ఉంటారు. మరి కొల్లిపరలో ఉన్న మనవడి మాటేమిటి?

మన దగ్గర పథకాలకు కొదవ లేదు. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వెతకాల్సిన 30 సమస్యల్లో ఆటిజమూ ఉంది. వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలి. కానీ రోజూ అంగన్‌వాడీలో కూర్చునేది మూడేళ్లు నిండినవాళ్లు. ఏడాదిన్నర బిడ్డ ఆ వేళకు నాయనమ్మ చంకలోనో, పసుపు చేలో చెట్టుకు కట్టిన ఉయ్యాలలోనో ఉంటాడు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి బిడ్డను చూసే కార్యక్రమం 2018లో మొదలైంది. 3, 6, 9, 12, 15 నెలల్లో రావాలి. అక్కడితో సరి! ప్రశ్నలు అడగాల్సిన వయసు పదహారో నెలలో మొదలవుతుంటే, పదిహేనో నెలకే ప్రభుత్వం గడప దిగిపోతోంది.

ఈ ఖాళీని పూడ్చడానికి కొత్త పథకం, కొత్త పేరు, కొత్త యాప్ ఏవీ వద్దు. 16-24 నెలల మధ్య ప్రతి బిడ్డకూ తట్టు-రుబెల్లా రెండో మోతాదు, డీపీటీ బూస్టర్ వేయాలి. టీకాల రోజున తల్లీబిడ్డా ఏఎన్ఎం ఎదుటే ఉంటారు. ఆ ప్రశ్నలు అక్కడే, తెలుగులో, సూది వేయకముందే అడగాలి. ముందే అని చెప్పడానికి కారణముంది. ఈ లక్షణాలు బయటపడేదీ, టీకా వేసేదీ ఇంచుమించు ఒకే వయసులో కాబట్టి, టీకా వల్లే వచ్చిందన్న అపోహ పుడుతుంది. దాన్ని ప్రచారంలోకి తెచ్చిన 1998 నాటి వేక్‌ఫీల్డ్ వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. పుకారు మాత్రం ఇంకా చావలేదు.

ఇంట్లో వినబడే మాట వేరు. ‘మగపిల్లలకు మాటలు ఆలస్యమే’, ‘వాళ్ల మేనమామకూ నాలుగేళ్లకు గానీ రాలేదు’. కొన్నిసార్లు అది నిజమే అవుతుంది కూడా. కానీ ఆ భరోసాతో రెండేళ్లు గడిపేశాక బడిలో పంతులుగారు చెబితే తెలియడం, ఆపైన తప్పంతా తల్లి మీద, ఆమె చేతిలోని ఫోను మీద మోపడం న్యాయమా?

లక్షణాలేవీ కనిపించని పిల్లలందర్నీ జల్లెడ పట్టడానికి తగిన ఆధారాలు లేవని అమెరికాలోనే ఒక నిపుణుల బృందం 2016లో అభిప్రాయపడింది. అయితే వారు వద్దనలేదు, ఆధారం చాలదన్నారు. అనుమానం కలిగిన ప్రతి బిడ్డకూ ఆటిజం ఉండదు. కొందరికి ఉన్నది వినికిడి లోపం కావచ్చు, అదైనా ఆలస్యం చేయదగింది కాదు. హైదరాబాద్‌తో సహా దేశంలో ఐదుచోట్ల 2-9 ఏళ్ల పిల్లలపై జరిపిన అధ్యయనం 2018లో వెలువడింది. దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి నాడీ వికాసానికి సంబంధించిన ఏదో ఒక సమస్య ఉందని తేల్చింది.

అసలు చిక్కు సమస్య తేలిన తర్వాత ఉంది. మాట నేర్పే శిక్షణ వారానికి చాలాసార్లు కావాలి. అత్తోట నుంచో, రేపల్లె నుంచో ప్రతిసారీ గుంటూరు పొమ్మంటే ఏ కూలి తల్లి పోగలదు? వైకల్యం ధ్రువపడ్డాక నెలకు 6 వేల రూపాయల పింఛను ఇస్తున్న రాష్ట్రం, దానికి ముందు శిక్షణకు డబ్బు లేదంటే ఒప్పుకోలేం.

గుంటూరు కలెక్టర్ కొల్లిపర మండలంతోనూ, బాపట్ల కలెక్టర్ తన జిల్లాలోనూ ఈ పని మొదలుపెట్టాలి. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారానికి కనీసం రెండు రోజులు వినికిడి పరీక్షా, మాటల శిక్షణా అందించాలి. అంతవరకూ తల్లిదండ్రులు ఆగనక్కర్లేదు. టీకాకు వెళ్లినప్పుడు మీ బిడ్డ మాట గురించి, చూపు గురించి మీరే అడగండి. ‘అన్నీ అవే వస్తాయిలే’ అని పంపేస్తే మరొకరిని అడగండి.