నా తాళం నాకుండకూడదా?

ఇంట్లో కంప్యూటరు ఒక్కటే. మొన్న సగం రాసిన నా కథని ఆడపడుచు చదివేసి, "ఇందులో అత్తగారు మా అమ్మేనా వదినా?" అంది. కథ అక్కడే ఆగిపోయింది.

విడిగా పాస్‌వర్డు పెట్టుకుంటానంటే, "మనింట్లో దాపరికాలేమిటి?" అన్నారు మావారు. ఆయన ఫోనుకి మాత్రం వేలిముద్ర తాళం! గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో 9 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. ఆ తీర్పు మా గడప దాటి లోపలికి రాలేదు. పోపులడబ్బాలో డబ్బు దాచుకుంటే మెచ్చుకునేవాళ్లు, నాలుగు మాటలు దాచుకుంటే అనుమానిస్తారేం?

వేరే ఖాతా తెరిచినా, అడ్మినిస్ట్రేటరు ఖాతా ఉన్నవాళ్లు మన ఫైళ్లు చూడొచ్చట. అందుకని కథ ఫైలుకే పాస్‌వర్డు పెట్టాను. ఎలాగో మా అబ్బాయే చూపించాడు. అది కొట్టేటప్పుడు మాత్రం వాణ్ణి అటు తిరగమన్నాను.